కుట్టు క్లాసుకు లైఫ్‌గార్డు

"నేను రాసింది లోకంలో ఎవరూ చదవరు. చదివి ఉంటే ఈ ఉద్యోగం ఎప్పుడో ఊడేది."

ఏం చేస్తుంటారని కొత్తవాళ్లెవరైనా అడిగితే షరతుల బాబాయి చెప్పే మొదటి మాట అది. చెప్పి, ఎదుటివాళ్లకంటే ముందు తనే నవ్వేవాడు. ఇంకొకరు వెక్కిరించేలోపే తనను తాను వెక్కిరించేసుకుంటే దెబ్బ కాస్త తక్కువ తగులుతుందని ఆయన లెక్క. షరతుల బాబాయి అన్నది ఆఫీసులో కుర్రకారు పెట్టిన పేరు. కోపం వచ్చినప్పుడు ఇంట్లో పిన్ని కూడా అదే పేరు పెట్టి పిలిచేది కాబట్టి, అసలు పేరు జీతం పడ్డ రోజున తప్ప ఆయనకే గుర్తుకొచ్చేది కాదు.

ఊళ్లో బడులన్నిటికీ కలిపి ఒక జిల్లా ఆఫీసు ఉంది. దాని రెండో అంతస్తులో, ఫైళ్ల బీరువాకూ మంచినీళ్ల డబ్బాకూ మధ్య ఆయన బల్ల. సాయంత్రం బడి వదిలాక పిల్లలకు ఏదో ఒకటి నేర్పిస్తామంటూ బయటి సంఘాలు వస్తూ ఉంటాయి. చదరంగం వాళ్లు, నాటకాల వాళ్లు, పళ్లు ఎలా తోముకోవాలో చెప్పే డాక్టర్లు. వాళ్లకూ బడికీ మధ్య ఒప్పందం ఉండాలి. ఏ గది, ఏ వేళలు, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, పిల్లాడు మోకాలు చెక్కుకుంటే పూచీ ఎవరిది, చివర్లో బల్లలు ఎవరు సర్దాలి, అన్నీ అందులో రాసుకోవాలి. ఆ రాత పని బాబాయిది.

రాత అనడం కూడా గొప్పలు పోవడమే. నిజానికి ఆయన జీవితంలో రాసింది ఒక్కటే ఒప్పందం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మునిసిపల్ స్విమ్మింగ్ పూల్‌కూ బడులకూ మధ్య రాశాడు. నెలల తరబడి చెమటోడ్చి, ప్రతి ప్రమాదాన్నీ ఊహించి, ప్రతి షరతునూ పేర్చి రాశాడు. పై అధికారి భుజం తట్టాడు. ఇక అంతే, దానికి 'తల్లి కాగితం' అని పేరు పెట్టుకుని, ఆ తర్వాత వచ్చిన ప్రతి సంఘానికీ దాన్నే తీసి, పేర్లు మార్చి, మొదటి పేజీలో 'ఈత' ఉన్నచోట 'నాటకం' అనో 'చదరంగం' అనో పెట్టి ఇచ్చేవాడు. కంప్యూటర్లో ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడం రెండు నొక్కుళ్ల పని. మిగతా మధ్యాహ్నమంతా కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు చూస్తూ గడిపేవాడు.

అలా హాయిగా రిటైరయ్యేవాడే. తన పనితనం అక్కకు చూపించుకోవాలనిపించింది, అక్కడే పప్పులో కాలేశాడు.

అక్క ఆయనకంటే ఆరేళ్లు పెద్ద. నాలుగు వీధుల అవతల ఉంటుంది. బావ సిటీ బస్సు నడిపేవాడు, ఉన్నట్టుండి పోయాడు. ఆ తర్వాత అక్క మాట్లాడటం తగ్గించింది. కర్టెన్లు తీసేది కాదు. ఫోన్ చేస్తే "ఆ", "ఊ", "సరే" తప్ప నాలుగో మాట ఉండేది కాదు. బాబాయి వెళ్లినప్పుడల్లా ఏవో జోకులు వేసి, అవి పేలక, తాగిన కప్పు తనే కడిగి పెట్టి వచ్చేసేవాడు. చేతకానివాడు చేసే ఓదార్పు అలాగే ఉంటుంది.

ఒకరోజు అక్క బీరువా తీసి, బావ చొక్కాలు ముందేసుకుని, కత్తెర పట్టుకుంది. పక్కింటి పిల్ల ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంటే బావ గళ్ల చొక్కా ముక్క ఒకటి కోసి అతుకు వేసింది. ఆ పిల్ల అది బడికి వేసుకెళ్లింది. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. చూస్తుండగానే అక్క, ఆమె ఈడు ఆడవాళ్లు మరో నలుగురు కలిసి 'అతుకుల సంఘం' అని పేరు పెట్టుకుని, ప్రతి గురువారం సాయంత్రం బడిలో ఖాళీగా ఉన్న గదిలో కూర్చోవడం మొదలెట్టారు. పిల్లలు చిరిగినవి తెచ్చేవాళ్లు, వీళ్లు కుట్టడం నేర్పేవాళ్లు. పాత హెడ్‌మాస్టారు తలుపు దగ్గర నిలబడి తల ఊపాడు. అదే అనుమతి.

అక్కింట్లో కర్టెన్లు తెరుచుకున్నాయి. బాబాయికి అంతకంటే ఏం కావాలి? ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు.

"ఒప్పందం లేకుండా బడిలో అడుగు పెట్టకూడదక్కా. రేపు కొత్త హెడ్ వస్తే పొమ్మంటారు. నేను రాసిస్తాగా, నీకెందుకు?" అన్నాడు ఛాతీ విరుచుకుని.

"ఇప్పుడు బాగానే జరుగుతోంది కదరా," అంది అక్క.

"బాగా జరగడం వేరు, పద్ధతిగా జరగడం వేరు."

ఆ మాట తలుచుకుంటే బాబాయికి ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. తల్లి కాగితం తీశాడు. సంఘం పేరు పైన పెద్ద అక్షరాల్లో వేశాడు. 'సమాజ శ్రేయస్సే ఊపిరిగా వెలసిన' అని ముందొక విశేషణం తగిలించాడు. దాన్ని చూసుకుని మురిసిపోయే హడావిడిలో కింది పేజీలకు వెళ్లనే లేదు. అక్క సంతకం పెట్టింది, బడుల బోర్డు ఆమోదించింది, కాగితం బడికి చేరింది.

అన్నట్టుగానే కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. పాత బడిలో ఎవరో చదవకుండా పెట్టిన సంతకానికి ఆమె మాటపడిందట. అప్పటి నుంచి ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివేది. ఇన్నేళ్లలో బాబాయికి దొరికిన మొట్టమొదటి పాఠకురాలు.

ఆమె ఫోన్ చేసిన రోజు బాబాయి టీ తాగుతున్నాడు.

"సార్, అతుకుల సంఘం ఒప్పందంలో పద్నాలుగో షరతు చూశారా?"

"చూడకుండా ఎలా రాస్తానండీ?" అన్నాడు బాబాయి, అదేమిటో బొత్తిగా గుర్తులేకుండానే.

ఆమె చదివి వినిపించింది. "కార్యక్రమం జరుగుచున్నంతసేపూ, ఈతలోనూ ప్రాణరక్షణలోనూ శిక్షణ పొంది సర్టిఫికెట్ గల లైఫ్‌గార్డు ఒకరు అక్కడ హాజరై ఉండవలెను. లేని పక్షంలో కార్యక్రమం నిలిపివేయబడును."

ఆ షరతు ఏ పూల్‌లోంచి ఈదుకొచ్చిందో బాబాయికి అర్థమైంది. కానీ నోరు ఊరుకోదు కదా.

"అది... ముందు జాగ్రత్త అండీ."

"కుట్టు క్లాసులో నీళ్లెక్కడివి సార్?"

"సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొసను నోట్లో పెట్టి తడుపుతారు కదండీ..."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. తర్వాత ఆమె చాలా మర్యాదగా చెప్పింది. "నాకు కారణం అక్కర్లేదు సార్. షరతు ఉంది, లైఫ్‌గార్డు లేరు. ఏదైనా జరిగితే అడిగేది నన్నే. ఈ గురువారం నుంచి క్లాసు ఆపేస్తున్నాను."

తప్పు దిద్దితే సరిపోతుందిగా అనిపించవచ్చు. బాబాయికీ అదే అనిపించి తల్లి కాగితం చివరి పేజీ తిరగేశాడు. ఒప్పందంలో ఒక్క అక్షరం మార్చాలన్నా బోర్డు సమావేశంలోనే మార్చాలని అక్కడ ఉంది. బోర్డు మళ్లీ కూర్చునేది నాలుగు నెలల తర్వాత. దాని పై లైనులో ఇంకోటి ఉంది. మూడు నెలలు వరుసగా కార్యక్రమం జరగకపోతే గది వేరే సంఘానికి ఇచ్చేయాలని. పక్క బడిలో ఆడే చదరంగం వాళ్లు రెండో గది కోసం ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నారు. ఇన్ని తలుపులూ ఇంత గట్టిగా బిగించిన ఘనుడెవరో అని చూస్తే, అడుగున తన పొట్టి సంతకమే ఉంది.

రెండు గురువారాలు అక్కకు ఫోన్‌లో "చిన్న కాగితం పనక్కా, అయిపోతుంది" అని చెప్పుకొచ్చాడు. మూడో వారం వెళ్లి చూస్తే కర్టెన్లు మూసి ఉన్నాయి. పట్టపగలు గదిలో లైటు వేసుకుని, కత్తెర, దారపు ఉండలు పెట్టెలో సర్దేసి, అక్క కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. బాబాయికి నిజంగా భయం వేసింది. బావ పోయినప్పుడు కూడా ఆయన అంత భయపడలేదు, ఎందుకంటే అప్పుడు తప్పు ఆయనది కాదు.

"అక్కా, కాగితం పని కాదు. నేనే తగలేశాను," అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. స్విమ్మింగ్ పూల్, తల్లి కాగితం, లైఫ్‌గార్డు, నోట్లో తడిపిన దారం. చెప్పి, తిట్లకోసం తల వంచుకున్నాడు.

తిట్లు రాలేదు. ఏదో చప్పుడైతే తలెత్తి చూశాడు. అక్క నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు.

"లైఫ్‌గార్డా? మా గదిలోనా? ఏం చేస్తాడ్రా, దారపు ఉండలో ఎవరైనా మునిగితే లాగుతాడా?"

బాబాయి జోకులకు ఏనాడూ నవ్వని మనిషి బాబాయి తప్పుకు నవ్వుతోంది. ఆ నవ్వు ఆగిపోతుందేమోనన్న కంగారులో ఆయన నోటికొచ్చింది అనేశాడు. "నేనొస్తాను. నేనే లైఫ్‌గార్డునవుతాను."

"నువ్వా! చిన్నప్పుడు నెత్తిన చెంబెడు నీళ్లు పోస్తే ఇల్లెక్కి అరిచేవాడివి."

"నేర్చుకుంటాను."

అని బయటికి వచ్చాక గేటు దగ్గర నిలబడి, తనలో తను, 'ఏమన్నావురా ఇప్పుడు?' అనుకున్నాడు.

పూల్ దగ్గర ఉన్న లైఫ్‌గార్డులను ముందు బతిమాలకపోలేదు. గురువారం సాయంత్రాలు అక్కడే రద్దీ, ఎవరూ కదలరు. దాంతో పిన్ని కొనిచ్చిన నీలం నిక్కరు, నెత్తికి పట్టేసే రబ్బరు టోపీ వేసుకుని, ఆఫీసుకు ముందు ప్రతి ఉదయం పూల్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు. అద్దంలో చూసుకుంటే ఉడకబెట్టి తొక్క తీసిన గుడ్డుకు కళ్లజోడు పెట్టినట్టు కనిపించాడు. పిన్ని గుమ్మంలో నిలబడి, "మీరు మాత్రం పూల్‌కు ఏ షరతులూ పెట్టకండి, అదే మిమ్మల్ని తట్టుకోవాలి," అంది.

నేర్పేది పాతికేళ్ల అమ్మాయి. మెళ్లో విజిల్, గొంతులో దానికంటే గట్టి విజిల్. మొదటి రోజు బాబాయిని ఒకటో తరగతి పిల్లలతో కలిపి నడుము లోతు నీళ్లలో నిలబెట్టింది.

"అంకుల్, గట్టు వదలండి."

"వదులుతానమ్మా, నీళ్లకు అలవాటు పడుతున్నాను."

"అరగంట నుంచి పడుతున్నారు."

పరువు గంగలో కలిసిందంటారు. బాబాయి పరువు క్లోరిన్ కలిపిన నీళ్లలో కలిసింది. పక్కన పళ్లూడిన పిల్లాడు చేపలా ఇటు నుంచి అటు వెళ్లి, తిరిగొచ్చి, "తాతా, గాలి పీల్చి మొహం ముంచు, ఏం కాదు," అని ధైర్యం చెప్పాడు. బాబాయి ముంచాడు. కాస్త తాగాడు కూడా. వారాలు గడిచేకొద్దీ తాగడం తగ్గి, తేలడం వచ్చింది, తేలడం నుంచి కాళ్లు కొట్టడం, కాళ్ల నుంచి చేతులు. ఆఫీసులో చెవుల్లోంచి నీళ్లు దులుపుకుంటూ ఒంటికాలి మీద గెంతుతుంటే కుర్రాళ్లు ఏంటని అడిగారు. వ్యాయామం అన్నాడు.

సర్టిఫికెట్ కావాలంటే పూల్ ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగుసార్లు ఈదాలి, అడుగున పడేసిన రబ్బరు మనిషిని పైకి తెచ్చి, తల నీళ్లలో మునగకుండా గట్టుదాకా లాక్కురావాలి. మొదటి పరీక్షలో ఈదాడు. రబ్బరు మనిషిని కూడా తెచ్చాడు. తీరా గట్టెక్కాక చూస్తే దారిపొడుగునా దాని తల నీళ్లలోనే ఉంది.

"మీరు బాగానే ఉన్నారు అంకుల్. అతను పోయాడు," అంది కోచ్.

రెండో పరీక్ష, గది గడువు తీరడానికి సరిగ్గా ముందు వారం పడింది. ఈసారి పోతే గది చదరంగం వాళ్లది. అక్కకు పరీక్ష సంగతి చెప్పవద్దని పిన్నితో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఎంతసేపు నిలబడిందో, నీళ్లలో దిగి తలెత్తేసరికి తెలిసింది. గట్టు మీద మెట్ల వరుసలో అతుకుల సంఘం మొత్తం కూర్చుని ఉంది. ఒడిలో బట్టలు, చేతుల్లో సూదులు, కళ్లన్నీ తన మీద.

ఈత అయ్యింది. రబ్బరు మనిషికోసం మునిగాడు. పైకి వచ్చాడు. సగం దూరం వచ్చేసరికి ఒంట్లో సత్తువ అయిపోయింది. చెయ్యి జారింది, రబ్బరు తల కిందికి దిగుతోంది, తన నోట్లోకి నీళ్లు వస్తున్నాయి. వదిలేద్దాం, బోర్డు కాళ్లు పట్టుకుందాం, ఇంకో గది వెతుకుదాం అనుకున్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ!" అక్క గొంతు పూల్ అంతా మోగింది. బావ పోయాక ఆ గొంతు అంత పెద్దగా ఆయన విననే లేదు. "తల ఎత్తరా! దాని తలా, నీ తలా, రెండూ!"

ఎత్తాడు. ఎలా ఎత్తాడో తెలియదు. గట్టు చేతికి తగిలాక కూడా రబ్బరు మనిషిని కౌగిలించుకుని వదలకపోతే కోచ్ వేళ్లు విడదీయాల్సి వచ్చింది.

గురువారం గది తెరుచుకుంది. హెడ్మిస్ట్రెస్ సర్టిఫికెట్‌ను రెండువైపులా చదివి, "సరే సార్, హాజరవ్వండి," అంది. నవ్విందేమో అని బాబాయికి అనుమానం. అక్క సంచిలోంచి ఒక పట్టీ తీసి ఆయన జబ్బకు కట్టింది. బావ ఎర్రగళ్ల చొక్కాలోంచి కత్తిరించిన ముక్క అది. దాని మీద తెల్లదారంతో 'లైఫ్‌గార్డు' అని కుట్టి ఉంది.

ఆ విధంగా బాబాయి, మెళ్లో విజిల్ వేసుకుని, చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా, పొడి నేల మీద కాపలా కాశాడు. ఎవరూ మునగలేదు. ఊరికే కూర్చోవడం చూడలేక అక్క బొత్తాలు కుట్టమని ఒక చొక్కా విసిరింది. బొత్తంతో పాటు తన ప్యాంటును కూడా కలిపి కుట్టేసుకుని, లేవబోయి, పిల్లల చప్పట్ల మధ్య మళ్లీ కూర్చున్నాడు. గదిలో ఎటు చూసినా బావే కనిపించేవాడు. ఒక పిల్ల మోచేతి మీద నీలం చారలు, ఒకడి మోకాలి మీద పసుపు గళ్లు. కుడుతూ కుడుతూ అక్క బావ కబుర్లు చెప్పేది. ఏ చొక్కా వేసుకున్న రోజు బస్సు ఎక్కడ ఆగిపోయిందో, ఎవరితో గొడవ పడ్డాడో. బాబాయి వినేవాడు. అన్నేళ్లు నాలుగు వీధుల దూరంలో ఉండి కూడా ఆయన ఇలా కూర్చుని అక్క మాటలు విన్నది లేదు.

బోర్డు రోజు వచ్చింది. బాబాయి లేచి పద్నాలుగో షరతు పొరపాటున పడిందని, తీసేయమని కోరాడు. అధ్యక్షుడు కళ్లజోడు పైకి నెట్టి, "ఈ ఒక్క ఒప్పందంలోనేనా?" అని అడిగాడు.

అవునంటే అయిపోయేది.

"లేదండీ. అన్నిట్లోనూ ఉంది. చదరంగానికీ లైఫ్‌గార్డు కావాలి. పళ్ల డాక్టర్లకు కూడా."

హాలంతా గొల్లుమంది. ఈసారి మాత్రం బాబాయి అందరికంటే ఆఖరున నవ్వాడు. షరతు అన్నిట్లోంచీ కొట్టేశారు. ఒప్పందాలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివి దిద్దే శిక్ష ఆయనకే వేశారు.

ఆ వారం గురువారం సాయంత్రం బాబాయి బల్ల దగ్గరే ఉన్నాడు. విజిల్, ఎర్రగళ్ల పట్టీ డ్రాయర్లో పెట్టి మూశాడు. పని తప్పింది, సంతోషించాలి. ఎదురింటి మేడ మీద బట్టలు చూశాడు. ఎవరో చొక్కా మీద రెండో బొత్తం లేదు. దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఫోన్ మోగింది.

"ఏరా, రాలేదేం?"

"షరతు కొట్టేశారక్కా. ఇక లైఫ్‌గార్డు అక్కర్లేదు."

"నేను షరతు సంగతి అడిగానా? నువ్వెందుకు రాలేదని అడుగుతున్నాను."

బాబాయికి జోకు ఒక్కటీ తట్టలేదు. డ్రాయర్ తెరిచాడు.

బడి గుమ్మంలో హెడ్మిస్ట్రెస్ ఆపింది. లైఫ్‌గార్డు హోదా పోయింది కాబట్టి ఇప్పుడాయన బయటి మనిషి. బయటి మనిషి లోపలికి రావాలంటే స్వచ్ఛంద సేవకుల కాగితం మీద సంతకం చేయాలి. అదీ తల్లి కాగితంలోంచి ఆయన తయారుచేసిందే. జేబులోంచి పెన్ను తీసి కింద గీకబోతుంటే ఆమె, "చదివి పెట్టండి సార్," అంది. గుమ్మంలో నిలబడి మొదటిసారి పూర్తిగా చదివాడు. ఆరో లైనులో, 'సేవకులు తమ ఈతదుస్తులు తామే తెచ్చుకొనవలెను' అని ఉంది.

"తెచ్చారా?" అని అడిగింది హెడ్మిస్ట్రెస్. ఈసారి నవ్వింది, అనుమానం లేదు.

లోపల అక్క తలెత్తలేదు. పిల్లల కుర్చీని కాలితో ఇటు నెట్టింది. బాబాయి కూర్చోగానే ఆయన జబ్బ వైపు చూసింది.

"పట్టీ ఏది?"

"జేబులో ఉందక్కా. ఇక దానితో పనేముంది?"

"మీ బావ చొక్కా అది. జేబులో పెట్టుకోవడానికా కుట్టింది? కట్టుకో."

ఒంటి చేత్తో ముడి పడలేదు. పక్కన కూర్చున్న పిల్ల, మోచేతి మీద నీలం చారల అతుకు ఉన్న పిల్ల, లేచి వచ్చి కట్టింది. అక్క దారం కొసను నోట్లో పెట్టి తడిపి, సూదిలోకి ఎక్కించి, ఆయన చేతికిచ్చింది.